మూడో అర

నా పేరు తాక్ ఉన్-బోక్. వయసు యాభై ఎనిమిది. ఇంటి పని చూసుకుంటాను. ఇంచియాన్ నగరంలో, సోంగ్దో వంతెనకి ఇవతల, పద్నాలుగో అంతస్తులో 1403 నంబరు ఇంట్లో పంతొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. నా భర్త ఉల్సాన్ ఓడల కర్మాగారంలో పనిచేస్తారు. నెలకి రెండుసార్లు ఇంటికి వస్తారు. చనిపోయిన తాక్ గ్యు-సిక్ నా తమ్ముడు. అతని వయసు యాభై ఒకటి. పేట బస్సు నడిపేవాడు. ఆరేళ్లుగా మా ఇంట్లోనే ఉన్నాడు.

జనవరి 8న ఇదే గదిలో ఇన్‌స్పెక్టర్ మేంగ్ గారికి ఒక వాంగ్మూలం ఇచ్చాను. నా తమ్ముడు పాడైన మందు వల్ల చనిపోయాడని, ఆ మందును పరీక్షించి సంతకం పెట్టిన మనిషిని శిక్షించాలని అందులో చెప్పాను. ఆ మనిషి ఓక్ హే-రాన్, వయసు ముప్పై మూడు, సోంగ్దోలోని మందుల కర్మాగారంలో పరీక్షకురాలు. ఆమె కేసు కాగితాలు ఈ గురువారం ప్రాసిక్యూటర్ దగ్గరికి వెళ్తాయని నాకు ఫోన్ చేసి చెప్పారు. అవి వెళ్లకముందే చెప్పాలని ఈ రోజు, 2024 ఫిబ్రవరి 6, మంగళవారం ఉదయం 9.50కి నా అంతట నేను వచ్చాను. ఎవరూ పిలవలేదు. ఎవరూ బెదిరించలేదు.

జరిగింది వరసగా చెబుతాను.

గ్యు-సిక్‌కి రక్తంలో ప్లేట్‌లెట్లు నిలవవు. ఒళ్లే వాటిని చంపుకుంటుంది. రెండేళ్లుగా వారానికి ఒక సూది వేస్తే నిలుస్తున్నాయి. ప్రతి శనివారం ఉదయం పది గంటలకి ఆ సూది నేనే వేసేదాన్ని. దానికి ఒక పుస్తకం పెట్టాను. తేదీ, సమయం, బ్యాచి నంబరు, ఏ తొడకి వేశాను, మందు రంగు, ఒంటి మీద కొత్త మచ్చలు, ఎక్కడ భద్రపరిచాను అని ఏడు గడులు. గ్యు-సిక్ ఆ పుస్తకాన్ని చూసి నవ్వేవాడు.

"అక్కా, నేను చచ్చినా ముందు టైం రాసి తర్వాత ఏడుస్తావు నువ్వు."

"నోరు మూసుకుని తొడ చూపించు."

"ఏ తొడ? పుస్తకంలో చూసి చెప్పు. తప్పు తొడ చూపిస్తే కొట్టివేత పడుతుంది."

నవంబరు 24, శుక్రవారం. ఆసుపత్రిలో రక్తం పరీక్షించారు. ప్లేట్‌లెట్లు తొంభై రెండు వేలు. బాగున్నాయన్నారు. నాలుగు సూదుల కొత్త డబ్బా ఇచ్చారు. "తలుపు అరలో పెట్టకండి, తీస్తూ వేస్తూ ఉంటే చల్లదనం మారుతుంది, ఒకే చల్లదనంలో ఉండాలి" అని నర్సు చెప్పింది. ఈ మాట ఎప్పుడూ చెబుతుంది. పుస్తకంలో రాసుకున్నాను.

నవంబరు 25, శనివారం. ఉదయం పదికి పాత డబ్బాలో మిగిలిన ఆఖరి సూది ఎడమ తొడకి వేశాను. ఆ రోజు మా ఇంట్లో కిమ్‌జాంగ్. చలికాలానికి సరిపడా కిమ్చీ, అంటే క్యాబేజీ ఊరగాయ, పెట్టే రోజు. మా పిన్ని వచ్చింది. నలభై క్యాబేజీలు. మామూలు ఫ్రిజ్ నిండా ఆల్చిప్పలు, పంది మాంసం, తరిగిన ముల్లంగి. దాని తలుపు మధ్యాహ్నం లోపల నేను లెక్కపెట్టినంతలో అరవైసార్లు తెరిచారు. సూదుల డబ్బా అందులో ఉంది. నర్సు చెప్పింది గుర్తొచ్చింది. డబ్బా తీసి, కిమ్చీ నిల్వకే వేరుగా ఉన్న కిమ్చీ ఫ్రిజ్‌లో పెట్టాను. మూడో అర, వెనక గోడకి ఆనించి.

కిమ్చీ ఫ్రిజ్‌లో చల్లదనం అన్నిటికంటే నిలకడగా ఉంటుంది. దాన్ని కొనేదే అందుకు.

సాయంత్రం 4.40కి కిమ్చీ గిన్నెలన్నీ సర్ది, ఏటా చేసినట్టే మూడో అర మీట "గట్టి నిల్వ" మీద పెట్టాను. అలా పెడితే వేసవి దాకా కిమ్చీ పులవదు. ఆ మీట మీద అంకెలు ఉండవు, మాటలే ఉంటాయి. సూదుల కాగితంలో "గడ్డకట్టనివ్వరాదు" అని ఉంది. నేను చదివాను. అందుకని మర్నాడు ఉదయం అర తెరిచి చూశాను. డబ్బా పక్కనే ఉన్న కిమ్చీని వేలితో నొక్కి చూశాను. మెత్తగా ఉంది. గడ్డకట్టలేదు. సరేననుకున్నాను.

డిసెంబరు 2, శనివారం. కొత్త డబ్బాలో మొదటి సూది. కాగితంలో రాసినట్టే డబ్బాలోంచి ఒక అట్టపెట్టె తీసి, విప్పకుండా, గంటసేపు బల్ల మీద పెట్టాను. పదికి విప్పాను. మందు నీళ్లలా ఉంది. చిన్న తెల్ల నలుసు ఒకటి కనిపించింది. గాలి బుడగ అనుకున్నాను. గ్యు-సిక్ పదిన్నరకి బస్సు ఎక్కాలి.

"బుడగే అక్కా. పొడిచెయ్. ఆ బస్సు నాకోసం ఆగదు, దాన్ని ఆపాల్సినవాణ్ణి నేనే."

కుడి తొడకి వేశాను. పుస్తకంలో "చిన్న తెల్ల నలుసు, గాలి బుడగ" అని రాశాను.

డిసెంబరు 8, శుక్రవారం. గ్యు-సిక్ మోచేతి కింద నాణెమంత నీలం మచ్చ. స్టీరింగు తగిలిందన్నాడు. రాశాను.

డిసెంబరు 9, శనివారం. రెండో సూది, ఎడమ తొడ. మచ్చలు మూడు.

డిసెంబరు 11, సోమవారం. మచ్చలు ఏడు. పాదాల మీద ఆవాలు చల్లినట్టు ఎర్ర చుక్కలు. ఉదయం 9.15కి నర్సుకి ఫోన్ చేశాను. ముక్కు నుంచి గానీ చిగుళ్ల నుంచి గానీ రక్తం వస్తే వెంటనే రమ్మంది, లేదంటే 22న ఎలాగూ రావాలి కదా అంది. నేను రేపే వెళ్దామన్నాను. గ్యు-సిక్ వినలేదు.

"డిసెంబరులో సెలవు అడిగితే మా మేనేజరు నాకంటే ముందు పోతాడక్కా. పది రోజులు ఆగు."

డిసెంబరు 16, శనివారం. ఉదయం పదికి మూడో సూది, కుడి తొడ. మచ్చలు లెక్కపెట్టడం మానేశాను. గడిలో "చాలా" అని రాశాను. ఆ పుస్తకంలో అంకె లేని గడి అదొక్కటే. ఆ రోజు అతనికి సెలవు. మధ్యాహ్నం 2.10కి తల పగిలిపోతోందన్నాడు. 2.15కి వాంతి చేసుకున్నాడు. నా పేరు తప్పుగా పలికాడు. మా అమ్మ పేరుతో పిలిచాడు. 2.31కి అంబులెన్సు వచ్చింది. ఒక కాలికే మేజోడు ఉంది. రెండోది నా చేతిలో ఉంది. ఆసుపత్రిలో ప్లేట్‌లెట్లు నాలుగు వేలు అన్నారు. తలలో రక్తం చిమ్మిందన్నారు.

డిసెంబరు 17, ఆదివారం ఉదయం 11.05కి చనిపోయాడు. పుస్తకంలో రాశాను. సమయం రాశాను.

అంత్యక్రియలయ్యాక నేను పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. రెండేళ్లలో నూట ఏడు సూదులు. నూట నాలుగు పనిచేశాయి. చివరి మూడు పనిచేయలేదు. ఆ మూడిటికీ ఒకే బ్యాచి నంబరు. అంతకుముందు ఆ నంబరు లేదు. ఇందులో నాకు సందేహం కనిపించలేదు. ఆ మూడు వరసల కింద ఎర్ర గీత గీసి ఆసుపత్రికి, మందుల కంపెనీకి, ఇక్కడికి నకళ్లు పంపాను. మిగిలిన నాలుగో సూదిని జనవరి 8న మేంగ్ గారికి ఇచ్చాను. ఆయన మనిషి మా ఇంటికి వచ్చి మూడో అరలోంచి స్వయంగా తీసుకున్నాడు. చలి పెట్టెలో పెట్టి, సీలు వేసి తీసుకెళ్లాడు.

పరీక్షలో తేలింది ఇది. మా ఇంటి సూదిలో మందు లేబులు మీద రాసినంతా ఉంది. కానీ అది పనిచేయడం లేదు, పదింట ఒక వంతు కూడా. కంపెనీ దగ్గర అదే బ్యాచివి దాచి ఉంచిన సూదులు మాత్రం బాగా పనిచేస్తున్నాయి. ఒకే పీపాలోంచి వచ్చిన మందు అక్కడ బతికి, ఇక్కడ చచ్చి ఉంది. అంటే దాచినవాటిని ఎవరో మార్చి ఉండాలి అన్నారు. కాగితాలు తీస్తే ఓక్ హే-రాన్ ఆ పరీక్షను రెండుసార్లు చేసి ఒకటే రాసినట్టు బయటపడింది. ఆమెను ఉద్యోగం నుంచి ఆపేశారు. నాకు ఆ రోజు అన్నం సయించింది. అది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

జనవరి 27, శనివారం మధ్యాహ్నం మూడింటికి ఓక్ హే-రాన్ మా ఇంటికి వచ్చింది. పియర్ పళ్ల పెట్టె తెచ్చి గుమ్మంలో పెట్టింది. చెప్పులు విప్పకుండా అక్కడే మోకాళ్ల మీద కూర్చుంది. చలి లోపలికి వస్తోందని లోపలికి రమ్మన్నాను.

"అమ్మగారూ, డబ్బు మాట్లాడి రాజీ చేసుకోడానికి రాలేదు. ఆ పరీక్ష నేను నిజంగా చేశాను. ఒక్కరైనా నమ్మితే చాలని వచ్చాను."

"రెండుసార్లు చేసి ఒక్కటే రాశావట."

"అవునండీ. ఆ పరీక్షకి బతికున్న కణాలు కావాలి. మందు పనిచేస్తేనే అవి పెరుగుతాయి. నాలుగు రోజులు పడుతుంది. చుసోక్ పండక్కి మా ఊరు వెళ్తూ మేత వేయమని పక్కవాడికి చెప్పాను. వాడు మరిచాడు. కణాలన్నీ చచ్చాయి. రాస్తే వాడి ఉద్యోగం పోతుందని రాయలేదు. కొత్త కణాలతో మళ్లీ చేశాను. అవి పెరిగాయి. నా కళ్లతో చూశాను."

"రాయనిది జరగనట్టే" అన్నాను.

ఆమె తల ఊపింది. ఏడవలేదు. బార్లీ నీళ్లు ఇస్తే రెండు చేతులతో పుచ్చుకుంది. మందు ఉండవలసినంత ఉండి కూడా ఎలా చచ్చిపోతుందో చెప్పమన్నాను. నాకు అర్థమయ్యే వరకూ చెప్పింది.

"ఈ మందుకి తల ఒకటి, తోక ఒకటి అమ్మగారూ. ప్లేట్‌లెట్లు పుట్టించమని ఒంటికి చెప్పేది తల. ఒట్టి తలనే ఎక్కిస్తే పూట గడవకముందే కరిగిపోతుంది. మన రక్తంలో జబ్బులతో పోరాడే యాంటీబాడీలు ఉంటాయి కదా, వాటి తోకని తెచ్చి దీనికి కలిపారు. ఆ తోక ఉన్నదాన్ని ఒళ్లు తనదే అనుకుని దాచుకుంటుంది. అందుకే వారానికి ఒక్క సూది సరిపోయేది తమ్ముడుగారికి."

"కలిపేది నువ్వా?"

"అయ్యో, నావల్ల ఎక్కడవుతుందండీ. చిట్టెలుక కణాలు. తలా తోకా ఒకే వరసలో రాసిన చీటీలాంటిది వాటి లోపల పెడతారు. ఇంటెత్తు ఉక్కు పీపాల్లో రెండు వారాలు మేత వేసి పెంచుతారు. చీటీలో ఉన్నట్టే రెంటినీ ఒక్క ముక్కగా అల్లి బయటికి వదిలేది అవే. తోక పట్టుకుని పైకి లాగి కడగడమే మనుషుల పని. ఎన్ని ఉన్నాయో లెక్క కూడా తోక పట్టుకునే పెడతాం. తేలిక కాబట్టి."

"మరి తల?"

"తలకి మడత ఉంటుంది. మనం బట్ట మడిచినట్టు కాదు, దానికదే పడే మడత. అది చెదిరితే తల అక్కడే ఉంటుంది గానీ పని చెయ్యదు. లెక్కలో మాత్రం తోక ఉంది కాబట్టి ఉన్నట్టే."

"మడత దేనివల్ల చెదురుతుంది?"

"వేడి తగిలినా, గట్టిగా కుదిపినా. గడ్డకట్టి కరిగినా చెదురుతుంది, అలా మళ్లీ మళ్లీ జరిగితే ఇక చెప్పక్కర్లేదు."

"మా ఇంట్లో అవేవీ జరగలేదు. కిమ్చీ ఫ్రిజ్‌లో పెట్టాను."

"అవునండీ, అదైతే ఇంకా నయం" అంది ఓక్ హే-రాన్.

ఆమె ఆ మాట అంది. ఆ మందును పరీక్షించే మనిషి, ఆ మాట తన నోటితో అంది. నాలుగు గంటలకి వెళ్లిపోయింది. పళ్లపెట్టె తీసుకెళ్లమన్నాను. తీసుకెళ్లలేదు.

ఫిబ్రవరి 3, శనివారం. గ్యు-సిక్ పోయి నలభై తొమ్మిదో రోజు. గుడిలో పూజ ముగించుకుని, ఒంటిగంటన్నరకి ఇంట్లో భోజనాలు పెట్టాను. పన్నెండు మంది. మూడో అరలో ఆఖర్న తోంగ్‌చిమి జాడీ ఉంది. ముల్లంగిని నీళ్లలో ఊరబెట్టేది. కిమ్‌జాంగ్ రోజున దాన్ని గ్యు-సిక్ కోసం వేరుగా పెట్టాను. రక్తపోటు ఉందని డాక్టరు తగ్గించమంటే అందులో ఉప్పు సగమే వేశాను. అతను తినకుండానే పోయాడు. అతని పేరు చెప్పి అందరికీ పెడదామని ఆ రోజే మొదటిసారి మూత తీశాను.

పిన్ని ఒక గుటక తాగి చెంచాతో గిన్నెను గీకింది.

"ఉన్-బోక్, ఎంత బాగా పెట్టావే! చూడండర్రా, పైన పలచగా మంచు పొర. పళ్లు జివ్వుమంటున్నాయి. గ్యు-సిక్ గాడికి ప్రాణం ఇదంటే."

అందరూ గిన్నెల్లోకి చూశారు. మంచు బాగా కట్టిందన్నారు. మా వైపు తోంగ్‌చిమికి మంచు పొర కట్టడమే గొప్ప. నేను చెంచా కింద పెట్టాను. ఉప్పు సగమే వేసిన నీళ్లు గడ్డకట్టాయి. దాని పక్కనే ఉన్న కిమ్చీ గడ్డకట్టలేదు. కిమ్చీలో ఉప్పు ఉంటుంది.

సూదిలో ఉప్పు ఎంత ఉంటుందో నాకు తెలియదు. అన్నం వడ్డించడం పూర్తి చేశాను. గిన్నెలు కడిగాను. పిన్నిని బస్సు ఎక్కించాను.

ఫిబ్రవరి 4, ఆదివారం ఉదయం 9.00. మందు పాత అట్టపెట్టె నా దగ్గర ఉంది. అందులో రెండు చిన్న సీసాలు పెట్టాను, ఒకదానిలో మంచినీళ్లు, రెండోదానిలో కిమ్చీ ఊట. మధ్యలో వంటింటి థర్మామీటరు. మీట "గట్టి నిల్వ" మీదే ఉంది, నవంబరు 25 తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. పెట్టె మూడో అరలో అదే చోట, వెనక గోడకి ఆనించి పెట్టాను. ఫిబ్రవరి 5, సోమవారం ఉదయం 9.00కి తీశాను. సున్నాకి దిగువన రెండు డిగ్రీలు. మంచినీళ్లు రాయి. కిమ్చీ ఊట నీళ్లలాగే ఉంది. పెట్టెను గంటసేపు బల్ల మీద పెట్టాను. పదికి విప్పితే మంచినీళ్ల సీసాలో మంచు లేదు. గడ్డకట్టిన గుర్తు ఏమీ లేదు. ప్రతి శనివారం నేను చూసింది ఆ పది గంటల సీసానే.

ఫొటోలు, థర్మామీటరు, పెట్టె, పుస్తకం ఈ రోజు తెచ్చి మేంగ్ గారి బల్ల మీద పెట్టాను.

మేంగ్ గారు వాటిని ఒక్కొక్కటే తీసి చూశారు. "అమ్మగారూ, ఇది మీరే చేశానని చెబుతున్నారా?" అని అడిగారు. అవునన్నాను. "ఫ్రిజ్ సంగతి జనవరిలో ఎందుకు చెప్పలేదు?" అన్నారు. చెప్పానన్నాను. పుస్తకంలో నవంబరు 25 పేజీ తెరిచి చూపించాను. ఆఖరి గడిలో "కొత్త డబ్బా, కిమ్చీ ఫ్రిజ్, మూడో అర" అని నా చేతిరాత ఉంది. డిసెంబరు 2, 9, 16 వరసల్లోనూ అదే ఉంది. ఆ నకళ్లు ఆసుపత్రి డాక్టరు చదివారు. కంపెనీ లాయర్లు ముగ్గురు చదివారు. మేంగ్ గారు చదివి ప్రతి పేజీ మీద ముద్ర వేశారు. సూది తీసుకెళ్లిన మనిషి ఆ అరలో చెయ్యి పెట్టాడు. "పక్కన ఉన్న కిమ్చీ ఘుమఘుమలాడుతోందండీ" అని కూడా అన్నాడు. వీళ్లందరి ఇళ్లలోనూ ఆ ఫ్రిజ్ ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. నేను ఎవరినీ నిందించడం లేదు. చదివినవాళ్లందరికంటే ముందు దాన్ని రాసింది నేను.

మేంగ్ గారు ఆ గడి చదివి, పెన్ను పెట్టి, లేచి నిలబడ్డారు. ఒక్క నిమిషం అన్నారు. గది మూలకి వెళ్లి ఫోన్ చేశారు. నాకు వినిపించింది.

"ఏమేవ్, అమ్మ ఇన్సులిన్ ఎక్కడ పెట్టావ్? ... ఏ ఫ్రిజ్? ... ఏ అరలో? ... తియ్యి. ముందు దాన్ని బయటికి తియ్యి. ఎందుకో తర్వాత చెబుతా, తియ్యమంటున్నానా!"

తిరిగొచ్చి కూర్చున్నారు. టీ కావాలా అని అడిగారు. వద్దన్నాను.

ఓక్ హే-రాన్ ఒక పరీక్ష చేసి రాయలేదు. అది తప్పే. ఆ తప్పు వల్ల నా తమ్ముడు చనిపోలేదు. ఆమె చూసి బాగుందన్న మందు మా ఇంటికి వచ్చేవరకూ బాగుంది. దాచిన సూదులను ఎవరూ మార్చలేదు. ఆమె మీద నేను ఇచ్చిన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. నా మీద పెట్టవలసిన కేసు ఏదైనా ఉంటే పెట్టమని అడిగాను. అది తన చేతిలో లేదని మేంగ్ గారు అన్నారు.

కలపవలసినవి గానీ, దిద్దవలసినవి గానీ ఉన్నాయా అని అడిగారు. ఒకటి ఉంది. పైన డిసెంబరు 2 సంగతి చెబుతూ, నలుసును చూసి గాలి బుడగ అనుకున్నానని చెప్పాను. జనవరి 8న కూడా అలాగే చెప్పాను. దాన్ని ఇలా దిద్దమని కోరుతున్నాను: సూదిని నిలబెట్టి పట్టుకున్నాను. బుడగ అయితే పైకి పోవాలి. అది నెమ్మదిగా కిందికి దిగింది. అది చూశాను. చూసిన తర్వాత బుడగ అని రాశాను.

ఇది నాకు మొదటి పేజీ నుంచి నెమ్మదిగా చదివి వినిపించారు. నేను అన్నదానికి ఎక్కువగానీ తక్కువగానీ ఇందులో లేదు. అంతా నిజం. దిద్దిన చోట, పేజీకీ పేజీకీ మధ్య అతుకుల మీద, ఇక్కడ చివరన నా కుడి బొటనవేలు ఎర్ర సిరాలో అద్ది ముద్ర వేశాను. కిమ్‌జాంగ్ రోజున కత్తికి తెగిన గాటు వేలి మీద ఇంకా ఉంది. అందువల్ల ప్రతి ముద్రలోనూ అడ్డంగా ఒక తెల్ల గీత ఉంటుంది. అది నా వేలిదే.

2024 ఫిబ్రవరి 6, మధ్యాహ్నం 12.25

తాక్ ఉన్-బోక్ (కుడి బొటనవేలి ముద్ర)

నా ఎదుట చెప్పగా రాసి, చదివి వినిపించాను: ఇన్‌స్పెక్టర్ మేంగ్ (సంతకం)